వెనక్కి తిప్పిన తారీఖు

తెర మీద నీలం రంగు సున్నా గిరగిరా తిరిగింది, ఆగింది, మాయమైంది. కలువ తెరుచుకోలేదు. నెహెమ్యా మళ్ళీ నొక్కాడు. మళ్ళీ సున్నా, మళ్ళీ ఏమీ లేదు. పొద్దున్నుంచీ ఇదే వరస. కలువ అంటే తెలుగు కొట్టుకునే ప్రోగ్రాం. పాత కంప్యూటర్లో దాని పువ్వు బొమ్మ మీద భార్య విక్టోరియా వేలు పడీ పడకముందే తెల్లకాగితం విచ్చుకునేది, తెలుగు అక్షరాలు దాని మీదికి గబగబా నడిచొచ్చేవి. ఇది కొత్త మిషను, ఇందులో ఉన్నది కొత్త విండోసు, దీనికి పాత ప్రోగ్రాం పడదట. కొత్తదానికి పాతది పడకపోవడం ఇతనికేం వింత కాదు. ఆదివారానికి విక్టోరియా పోయి ఏడాది. చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టాలి, దానికి కార్డులు పంచాలి, కార్డు ఇంకా పుట్టనే లేదు. గణపవరంలో ఏ కొట్లో ఇచ్చినా గంటలో కొట్టి చేతిలో పెడతారు. ఆ ముక్క చెప్పడానికి పాస్టరు గారు పనిగట్టుకుని రెండుసార్లు ఇంటికొచ్చారు, రెండుసార్లూ మంచినీళ్ళు తాగి వెళ్ళారు. నెహెమ్యాకి కావలసింది ఏదో ఒక కార్డు కాదు. అతని తల్లి మార్తమ్మ పోయి ఏడాదైనప్పుడు విక్టోరియా ఈ కలువలోనే ఒక కార్డు చేసింది. చుట్టూ కిక్కిస రెల్లు వాలినట్టుండే అంచు, పైన చిన్న సిలువ, కింద నాలుగు ముక్కలు. దానిలో పేరు మారిస్తే చాలు. ఆవిడ కార్డు ఆవిడ చేతిదే అవుతుంది. తెరుచుకుంటేగా.

నాలుగింటికి కరెంటు తీసేస్తారు. అప్పటిదాకా గంట పైన ఉంది. కిటికీలోంచి ఎండ, ఎండతో పాటు చెరువు బురద ఎండుతున్న వాసన. ఈ గదిలో ఒకప్పుడు మేత బస్తాలు ఉండేవి, చేపల మేత, తవుడు, వేరుశెనగ చెక్క. చెరువులు పోయాక బస్తాలు పోయాయి, బస్తాలు పోయాక గణపవరంలో విక్టోరియా టైపు కొట్టు ఖాళీ చేసి తెచ్చిన బల్ల ఇక్కడ పడింది, బల్ల మీద ఇది. పాత మిషను వానాకాలం చెమ్మకి చచ్చిపోయింది. ఏలూరు పవరుపేటలో దాదాపీరు అని ఒకాయన, కంప్యూటర్లు బాగుచేస్తాడు, విక్టోరియా కొట్టు పెట్టిన నాటినుంచీ ఎరుగున్నవాడు, దాని కడుపులోంచి డిస్కు తీసి అందులోవన్నీ ఇందులోకి ఎక్కించి ఇచ్చాడు. కీబోర్డు మాత్రం పాతదే తగిలించమన్నాడు నెహెమ్యా. మీటల మీద విక్టోరియా కత్తిరించి అంటించిన కాగితపు ముక్కలున్నాయి, ఒక్కో ముక్క మీద ఒక్కో తెలుగు అక్షరం, ఆవిడ దస్తూరీ. కొన్ని మీటల మీద కాగితం ఉంది గానీ అక్షరం లేదు, వేళ్ళు అరగదీసేశాయి. ఎక్కువగా వాడినవే పోతాయి. వాడనివి కొత్తగా మెరుస్తూ ఉంటాయి, ఋ, ఙ, ఎందుకూ పనికిరానివి.

చేతిలో విక్టోరియా సెల్‌ఫోనే ఉంది. అతనికి వేరే ఫోను లేదు, ఎవరు చేస్తారని. ఏడాదిగా దాన్ని చార్జింగు పెడుతూనే ఉన్నాడు. అందులో నంబర్లన్నీ ఆవిడవే, దాదాపీర్ ఏలూరు, పేపర్ కొట్టు, పాస్టర్ గారు, ఏంజెల్. ఏంజెల్ పేరు దగ్గర వేలు ఆగదు, దాటుకుంటూ పోతాడు. దాదాపీరు నంబరు నొక్కాడు.

"చెప్పండి మాస్టారూ, తెరుచుకుందాండీ?"

"నేను మాస్టార్ని కానని నీకు ఎన్నిసార్లు చెప్పాలి. అయిదు చదివాను. తెరుచుకోలేదు."

"అయిదు చదివినా మమ్మల్నందర్నీ దులిపేస్తారు, మాస్టారు కాకపోతే ఏంటండీ. సరే, పువ్వు బొమ్మ మీద కుడిపక్క మీట నొక్కండి. అడుగున ప్రాపర్టీస్ అని ఉంటుంది చూడండి. దాంట్లో కంపాటిబిలిటీ. కనిపించిందాండీ? అక్కడ గడిలో టిక్కు పెట్టి, తొంభై ఎనిమిది ఎంచుకోండి. అంటే ఏం లేదండీ, కొత్త విండోసు కాసేపు పాతదానిలా నటిస్తుందన్నమాట. పాపం కలువ నమ్మేస్తుంది."

నటించడం. ఆసుపత్రిలో చేరిన నాడు విక్టోరియా అలాగే చేసింది, ఏం లేదండీ కొంచెం నీరసం అంది, తాడేపల్లిగూడెం స్టేషనులో దిగి ఉల్లిపాయల మార్కెట్ పక్కనుంచి నడుస్తూ, బస్తాలు దించుతున్న కూలీల మధ్య ఒక్కసారి గోడ పట్టుకుని ఆగి, ఉల్లి ఘాటుకి కళ్ళు మండుతున్నాయండీ అంది. అతను నమ్మేశాడు. నమ్మినందుకు ఆవిణ్ణి ఇంకా క్షమించలేదు. టిక్కు పెట్టాడు. తొంభై ఎనిమిది. సరే అన్నాడు. తెర ఒక్కసారి నల్లబడి, నడుమ ఒక పెట్టె తేలి, ఈ పని నువ్వే చేస్తున్నావా అన్నట్టు అడిగింది. ఇంకెవడు చేస్తాడు, ఈ ఇంట్లో ఇంకెవడున్నాడు. అవునని నొక్కాడు. కలువ మీద మళ్ళీ రెండుసార్లు. సున్నా తిరిగింది. ఈసారి మాయం కాలేదు, దాని చోట బూడిదరంగు పెట్టె ఒకటి వచ్చి కూచుంది, లోపల ఇంగ్లీషులో రెండు ముక్కలు, ఒక తారీఖు.

కూడబలుక్కుని అతను చదివి వినిపించేసరికి దాదాపీరు అవతల నవ్వాడు. "గడువు తీరిపోయిందంటోందండీ. రెండువేల అయిదు డిసెంబరు ఆఖరు దాకే దాని గడువు. అప్పుడు చూసుకోమని ఇచ్చిన కాపీ అయ్యుంటుందండి ఇది."

"మరి పోయినేడు దాకా దాని మీదే పని చేసింది. రోజూ చేసింది. నేను చూశాను."

"అదే అడుగుతున్నానండీ. పాత మిషన్లో తారీఖు ఏం చూపించేదండీ?"

"ఎప్పుడు పెట్టినా ఏదో పాత ఏడాది జనవరి ఒకటే చూపించేది. లోపల బ్యాటరీ పోయింది. వెయ్యించవే వెయ్యించవే అని మొత్తుకున్నాను, ఎందుకండీ బానే ఉందిగా అనేది."

మెల్లిగా అన్నాడు దాదాపీరు. "గడుసువారండీ మీ ఆవిడ గారు. బ్యాటరీ వేస్తే మిషనుకి నిజం తారీఖు తెలిసిపోతుంది, తెలిస్తే కలువ ముడుచుకుపోతుంది. అందుకని వెయ్యనివ్వలేదండీ. ఏం లేదు మాస్టారూ, మీరూ అదే చెయ్యండి. కింద మూలన గడియారం ఉంది కదా, దాని మీద నొక్కి తారీఖు వెనక్కి తిప్పండి. రెండువేల అయిదు లోపల మీ ఇష్టం, ఏ రోజైనా పర్లేదు. పనయ్యాక మళ్ళీ ముందుకి తెచ్చుకోండి, మర్చిపోకండేం."

ఫోను పెట్టేశాడు. గడుసుది అట. ఏలూరులో కూర్చున్న వాడికి తెలిసింది, పక్కన పడుకున్న వాడికి తెలియలేదు. చెప్పి ఉండొచ్చు. అన్నం తినేటప్పుడు చెప్పొచ్చు, ఇలాగండీ, బ్యాటరీ వేస్తే ఆగిపోద్దండీ, అందుకని. ఒక్క మాట. చెప్పలేదు. రోజూ పొద్దున మీట నొక్కగానే జనవరి ఒకటి, హేపీ న్యూ ఇయర్ అండీ అని ఆ తెరకేసి చూసి నవ్వేది, అతనికి ఒళ్ళు మండేది, చెరువులు పోయాయి, కొట్టు పోయింది, ఈవిడకి రోజూ కొత్త సంవత్సరమే.

గడియారం మీద నొక్కాడు. నెల బొమ్మ విప్పుకుంది, అంకెలన్నీ గళ్ళల్లో, పైన మార్చి రెండువేల తొమ్మిది, ఎడంపక్క ఒక బాణం. ఏడాది పేరు మీద నొక్కితే ఒక్క గెంతులో పోవచ్చని అతనికెవరూ చెప్పలేదు. బాణం నొక్కాడు, ఫిబ్రవరి. నొక్కాడు, జనవరి. ఒక్కో నెలా ఎడంపక్కనుంచి జారి వచ్చి కూచుంటోంది. డిసెంబరు, చర్చిలో అందరూ కొత్త బట్టల్లో ఉంటే వెనక బెంచీలో ఒక్కడూ, పక్కన జాగా ఉన్నా ఎవరూ కూచోలేదు, కూచుంటే ఏం కరుస్తాడోనని. నవంబరు, అక్టోబరు, ఏమీ లేవు, అన్నం వండుకోవడం, సగం పారబొయ్యడం. సెప్టెంబరులో వాన, ఉప్పుటేరు ఎగదన్ని రోడ్డు మీదకి నీళ్ళు, ఆ చెమ్మకే పాత మిషను చచ్చింది, ఆగస్టు, జులై, జూన్, ఎండకి కొల్లేరు నడుమ నేల పగిలి గూడకొంగలు కూడా లేవు. మే. ఏప్రిల్. తర్వాత బాణం మీద వేలు ఆగింది. ఆ నెల కూడా మిగతావాటిలాగే ఉంటుంది, ముప్ఫై ఒక్క గళ్ళు, ఏ గడికీ నలుపు రంగు వెయ్యరు. నొక్కాడు. మార్చి రెండువేల ఎనిమిది. కళ్ళు మూసుకోలేదు. అంకెలకేసి చూడకుండా బాణం కేసే చూస్తూ మళ్ళీ నొక్కాడు. ఫిబ్రవరి, తాడేపల్లిగూడెం ఆసుపత్రి, పెనాయిలు వాసన, ఏంజెల్ స్టీలు క్యారియరుతో మెట్ల దగ్గర నిలబడి, బాబాయిగారండీ పిన్నిగారికి పథ్యం తెచ్చానండీ, అక్కర్లేదు తీసుకుపో. వెళ్ళిపోయింది. పైన మంచం మీద విక్టోరియా, ఎవరండీ వచ్చారు, ఎవరూ లేరు. ఆవిడకి తెలిసే ఉంటుంది. కిటికీలోంచి ఆ మెట్లు కనిపిస్తాయి.

ఏంజెల్‌కి అక్షరాలు నేర్పింది విక్టోరియా. కీబోర్డు మీద కాదు, అంతకుముందు, చర్చి బడిలో, పలక మీద. పిల్లలు లేని ఇంట్లోకి సాయంత్రాలు వచ్చి కూచునేది, పెద్దదయ్యాక కొట్లో కూచుంది, పెళ్ళిపత్రికలు, అర్జీలు, క్రిస్మస్ కార్డులు, ఇద్దరూ రెండు కుర్చీల్లో, ఒకళ్ళు చదివితే ఒకళ్ళు కొట్టేవారు. పెళ్ళయ్యాక మొగుడితో కలిసి ఎదురుగానే, రోడ్డుకి అవతలే, కొట్టు పెట్టింది. ఎదురుగా. నేనే పెట్టుకోమన్నానండీ, ఇక్కడైతే ఏదైనా సందేహమొస్తే నన్ను అడుగుద్ది కదండీ, అంది విక్టోరియా. అతను నమ్మలేదు. ఆవిడ మంచితనం మీద అతనికెప్పుడూ నమ్మకం లేదు, దాని మూలంగా పోయేది ఎప్పుడూ వాళ్ళ ఇంట్లోదే. ఏంజెల్ రంగురంగుల అచ్చు మొదలెట్టింది, జనం అటు నడిచారు. మొన్న రెండోసారి వచ్చినప్పుడు పాస్టరు గారు, ఏంజెల్ కార్డు తనే చేసి ఇస్తానందయ్యా, ఏమీ తీసుకోనంది, అంటే నెహెమ్యా లేచి గేటు తీసి పట్టుకున్నాడు.

జనవరి రెండువేల ఏడు. నొక్కాడు. నొక్కాడు. వేలు నొప్పి పుట్టింది. రెండువేల ఆరులో పడ్డాడు, వేసవి, కొల్లేట్లో చేపల చెరువులు కొట్టెయ్యమని సర్కారు పంపితే పొక్లెయిన్లు బారులు తీరి వచ్చాయి, గట్ల మీద పోలీసులు, సొసైటీ చెరువు గట్టుకి మొదటి దెబ్బ తగలగానే నీళ్ళు తోసుకుంటూ కొల్లేట్లోకి పోయాయి, వాటితో శీలావతి, బొచ్చె చేపలు, ఇంకా పట్టుబడికి రానివి, బురదలో తెల్లగా కొట్టుకుంటుంటే ఊరి ఆడవాళ్ళు కొంగుల్లో ఏరుకున్నారు. సరస్సుని సరస్సుకిచ్చేశారు అన్నారు పేపర్లో. అతనికెవరు ఏమిచ్చారు. ఆ సాయంత్రం విక్టోరియా గణపవరం నుంచి బస్సు దిగి వచ్చి, గట్టు లేని చోట అతని పక్కనే నిలబడింది, ఏమీ అనలేదు. ఏమన్నా అని ఉంటే అరిచేవాడు. అరవడానికి సిద్ధంగా ఉన్నాడు. అననివ్వలేదు ఆవిడ. మే, ఏప్రిల్, మార్చి, ఫిబ్రవరి. జనవరి, ఏంజెల్ కొట్టు రిబ్బను కత్తిరించిన నెల. విక్టోరియాయే కత్తిరించింది, కత్తెర ఇంట్లోంచి పట్టుకుపోయి.

ఇంకొక్కటి నొక్కితే డిసెంబరు రెండువేల అయిదు. గడువు లోపలికి వచ్చేశాడు. ఇక్కడ ఆగిపోవచ్చు. క్రిస్మస్ కార్డుల రద్దీలో ఆవిడ అన్నం వేళకి రాలేదని పోట్లాడిన నెల. ఇంకొకటి నొక్కాడు. నవంబరు. నవంబరులో ఏం జరిగింది. ఎంత తవ్వినా ఏమీ తట్టలేదు. పొద్దున్నే దోనె వేసుకుని మేత చల్లి వచ్చి ఉంటాడు, ఆవిడ క్యారియరు సర్దుకుని బస్సెక్కి ఉంటుంది, రాత్రికి చేపల పులుసు, నత్తలా సాగే వాన, నిద్ర. ఏ గొడవా గుర్తు రాలేదు. ఏ మంచీ గుర్తు రాలేదు. అలాంటి రోజు ఒకటి చాలు. పంతొమ్మిదో అంకె మీద నొక్కాడు. తెర నల్లబడి మళ్ళీ అడిగింది, నువ్వేనా. నేనే.

కలువ మీద రెండుసార్లు. సున్నా తిరిగింది, తిరిగింది, తెల్లకాగితం విచ్చుకుంది.

కుర్చీలో వెనక్కి ఆనుకోలేదు. సంబరం లాంటిదేదో గొంతు దాకా వచ్చింది, చెప్పడానికి మనిషి లేక అక్కడే ఉండిపోయింది. వెతికి మార్తమ్మ కార్డు తెరిచాడు. కిక్కిస అంచు, సిలువ. పైన మార్తమ్మ గారి జ్ఞాపకార్థ కూడిక. కింద, కన్నీటితో, కుమారుడు నెహెమ్యా, కోడలు విక్టోరియా. అది అక్కడుంటుందని అతను అనుకోలేదు. తల్లి పేరు మార్చాలనుకున్నాడు గానీ, అడుగున ఈ పేరుంటుందని, పిలిచేవాళ్ళలో ఆవిడ కూడా ఉంటుందని తట్టనే లేదు. ఒక్కో అక్షరమే చెరిపాడు, కోడలు పోయింది, విక్టోరియాలో వెనకనుంచి యా పోయింది, రి, టో, క్, వి. కుమారుడు అన్నది కూడా చెరిపాడు. భర్త అని కొట్టాలి. భ కోసం కీబోర్డంతా వెతికాడు, కాగితం మీద అక్షరం అరిగిపోయిన మీటలు ఒక్కొక్కటే నొక్కి చూస్తే వ వచ్చింది, ర వచ్చింది, అమ్మ అన్నదాంట్లో మ వచ్చింది, ఆఖరికి భ. అప్పుడు పైకెళ్ళి మార్తమ్మ తీసి ఆ పేరు పెట్టాడు. పెట్టడానికి చాలాసేపు పట్టింది. కింద చెరిపిన పేరే పైన మళ్ళీ కొట్టాడు, అదే పేరు, అవే మీటలు. ఇప్పుడు అడుగున ఒక్క పేరే ఉంది. వరస సగం ఖాళీగా, ఎడంపక్కకి ఒరిగి.

ప్రింటరు పాతదే. గురగుర శబ్దం చేసి మొదటి కార్డు వదిలింది. అంచు బానే పడింది, అక్షరాలు బానే పడ్డాయి. ప్రభువునందు నిద్రించిన విక్టోరియా, పక్కన మార్చి నెల తారీఖు, రెండువేల ఎనిమిది. మరీ అడుగున, కుడిపక్క మూలన, చీమ తలంత అక్షరాల్లో ఇంకో తారీఖు. పంతొమ్మిది, పదకొండు, రెండువేల అయిదు. అతను కొట్టలేదు. మిషను తనంతట తనే వేసింది. పోయిన మనిషి కార్డు, ఆ మనిషి బతికుండగానే అచ్చయినట్టుంది.

తెరంతా వెతికాడు, ఆ అంకెలు తెర మీద లేవు, కాగితం మీదే ఉన్నాయి. గడియారం మూడున్నర దాటింది. దాదాపీరుకి చేస్తే, తెలుగు ప్రోగ్రాం లోపలి సంగతులు నాకు తెలీవండీ, అది ఏంజెల్ గారికైతే తెలుస్తుందండీ, అని మెల్లిగా, మాస్టారు అనకుండా అన్నాడు. ఫోను చేతిలో పట్టుకుని కూచున్నాడు నెహెమ్యా. కత్తెరతో కార్డులన్నిటికీ అడుగు కత్తిరించొచ్చు. కత్తిరిస్తే కింది అంచు పోతుంది, మూడు వైపులే మిగులుతుంది. ఏంజెల్ పేరు మీద వేలు ఆగింది. నొక్కాడు.

ఒక మోత, వెంటనే ఎత్తింది. అవతల ప్రింటర్ల చప్పుడు. విక్టోరియా నంబరు చూసి ఒక్క క్షణం ఏమనుకుందో.

"నేనే," అన్నాడు.

"ఆఁ... బాబాయిగారండీ. చెప్పండి."

"కలువలో అడుగున తారీఖు పడుతోంది. తియ్యడం ఎలా."

"కలువ మీ దగ్గర తెరుచుకుందాండీ?" గొంతు మారింది. "మాకు ఎంత కొట్టుకున్నా తెరుచుకోలేదండీ కొత్తవాటిలో. మార్తమ్మగారి కార్డు తీశారా అండీ? అప్పటికి మిషన్లో బ్యాటరీ బానే ఉందండీ, అందుకే పిన్నిగారు తారీఖు ఉంచారు. తర్వాత్తర్వాత అన్నిట్లోనూ తీసేసేవారు. ఏ తారీఖు పడుతోందండీ?"

చెప్పాడు.

అవతల ప్రింటరు చప్పుడు ఆగింది, ఏంజెలే ఆపినట్టుంది. "నవంబరాండీ. అప్పటికి నేనింకా మన కొట్లోనే ఉన్నానండీ."

ఎన్నో నెలలు దాటుకుంటూ ఆగిన చోట ఈ పిల్ల కూడా ఉంటుందని నెహెమ్యా చూసుకోలేదు. గొడవ లేని రోజు వెతికాడు, అంతే. అలాంటి రోజులో రెండో కుర్చీ ఖాళీగా ఉండదని అతనికెలా తెలుస్తుంది.

"తియ్యడం చెప్పు."

చెప్పింది. పైన వరసలో మూడోది, దాంట్లో అడుగు గీత, అక్కడ తారీఖు అన్న గడిలో టిక్కు తీసెయ్యండి. మళ్ళీ చెప్పమంటారాండీ అంది. అక్కర్లేదన్నాడు. ఇంకేదో అడగబోయి ఊపిరి పీల్చుకోవడం వినిపించింది, కూడిక ఎన్నింటికండీ అనో, రావచ్చాండీ అనో. అడగనివ్వలేదు. పెట్టేశాడు.

పైన వరసలో మూడోది తెరిచాడు. అడుగు గీత కనిపించింది, గడి కనిపించింది, టిక్కు కనిపించింది. బాణం దాని మీదికి తెచ్చి చాలాసేపు ఉంచాడు. తర్వాత ఆ పెట్టె మూసేసి, చర్చికి సరిపడా అంకె కొట్టి, ప్రింటు మీద నొక్కాడు. కార్డులు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి, గురగుర, ఆగి, గురగుర. ఊళ్ళో ఎవరూ కార్డు అడుగు దాకా చదవరు. పేరు చూస్తారు, తారీఖు చూస్తారు, అయ్యో అంటారు, బైబిల్లో దోపుకుంటారు. అడుగున మూలన చీమ తలంత అంకెలు చూసేది, చూసి దాని అర్థం తెలిసేది, ఈ జిల్లా మొత్తం మీద ఒక్కతే ఉంది. ఆ ఒక్కతే కావడం అతనికి ఇప్పటికీ ఇష్టం లేదు.

కరెంటు పోయేలోపు ఆఖరి కార్డు కూడా పడింది. దొంతి సరిచేసి రబ్బరుబ్యాండు వేశాడు. ఒకటి మాత్రం విడిగా తీసి, కవరులో పెట్టి, బల్ల మీద వేరే ఉంచాడు. కవరు మీద పేరు రాయలేదు.